పైసలు ఎవరి ఖాతాలో పడ్డాయి?

(హుజూర్‌నగర్‌లో మహిళా కౌలు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడికి వచ్చేముందు పక్క ఊళ్లో ఒకామెతో మాట్లాడాను. సాగర్ ఎడమ కాలువ కింద రెండెకరాలు కౌలుకు తీసుకుని వరి వేస్తోంది. భర్త లేడు. పెట్టుబడి సాయం గురించి అడిగితే, "ఎంతిచ్చిన్రో టీవీల చెప్తరు. ఎవరికిచ్చిన్రో ఎవరు చెప్తరు మేడం?" అంది. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆమె అడిగిన ప్రశ్న గురించే.

2018 వానాకాలంలో రైతుబంధు మొదలైంది. పంటకు ఎకరానికి 4,000 రూపాయలు. 2019 నుంచి 5,000. విస్తీర్ణానికి పరిమితి లేదు. 20 ఎకరాల పట్టాదారు నాగలి పట్టకపోయినా ఏడాదికి 2 లక్షలు వచ్చాయి. ఆ భూమిలోనే రెండెకరాలు కౌలు చేసే మనిషికి ఏమీ రాలేదు. 2025 జనవరి 26న దాని స్థానంలో రైతు భరోసా వచ్చింది. పంటకు ఎకరానికి 6,000 అన్నారు. సాగుకు పనికిరాని భూములను తీసేశారు, మంచిదే. కానీ డబ్బు వెళ్లేది పట్టాదారుకే. 2018 ఆగస్టులో మొదలైన 5 లక్షల రైతు బీమాకూ పట్టాయే ఆధారం. సొంత భూమి లేని కౌలు రైతు చనిపోతే ఆ భార్యకు ఈ బీమా రాదు.

ఇక జాబితా సంగతి. సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ చదవండి. సబ్సిడీ పథకాల కింద ఎంత కేటాయించారో, లబ్ధిదారులు ఎవరో ఎవరూ అడగకముందే ప్రకటించాలని అందులో ఉంది. కాబట్టి జాబితా పెట్టడం అధికారుల దయ కాదు, విధి.

పేర్లు బయటపెడితే వ్యక్తిగత గోప్యత పోదా అంటారు. యూరప్‌లోనూ ఈ వాదన వచ్చింది. వ్యవసాయ సబ్సిడీ పొందిన వ్యక్తులందరి పేర్లూ తేడా లేకుండా ప్రకటించడం చెల్లదని 2010లో అక్కడి న్యాయస్థానం తీర్పు చెప్పింది. 2013లో చిన్న మొత్తాలు పొందేవాళ్లను మినహాయించి పేర్ల ప్రకటనకు మళ్లీ నిబంధన తెచ్చారు. మన దేశంలో 2023 నాటి డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని గోప్యత నిబంధనను సవరించింది. దాన్ని సాకుగా చూపే ప్రమాదం ఉంది. ఒంటరి ఆడమనిషి ఖాతా నంబరు, ఫోను, ఆధారు బయటపెట్టమని మనమూ అడగం. ఎన్ని ఎకరాలకు, ఎవరికి, ఎంత ప్రజాధనం వెళ్లిందన్నదే అడుగుతున్నాం.

అయితే పేర్లు మాత్రమే ఉంటే చాలదు. పీఎం కిసాన్ జాబితా ఊరి వారీగా ఎవరైనా చూడొచ్చు. అందులో పక్క ఊరి ఆమె పేరుండదు. పట్టా ఎవరిది అన్న గడి పక్కనే సాగు ఎవరిది అన్న గడి ఉండాలి. కౌలుదారులకు గుర్తింపు కార్డులివ్వడానికి 2011లోనే చట్టం వచ్చింది. ఆ కార్డులిస్తే రెండో గడి నింపడం కష్టం కాదు.

2025 జనవరి గ్రామసభల్లో ఇళ్లకు, రేషన్ కార్డులకు పేర్లు చదివారు. పేరు లేనివాళ్లు లేచి నిలదీశారు. చదివారు కాబట్టే నిలదీయగలిగారు. రైతు భరోసా జాబితానూ అలాగే చదవాలి, రైతు వేదిక గోడమీద అంటించాలి.

ఈ రోజు ఇంటికి వెళ్లేముందు తలా ఒక దరఖాస్తు రాద్దాం. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లు ఫీజు కట్టనక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాయడం రానివాళ్లకు పక్కనున్నవాళ్లు రాసిపెట్టండి, వేలిముద్ర చాలు.