పేరు పిలిచే చోటు ఉండాలి
(భావనపాడు మహిళల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడపిల్లల్ని ఎత్తుకుపోయే బ్రోకరు పులిలా రాడు. చుట్టంలా వస్తాడు. "చెన్నైలో ఇంటిపని, తిండీ బట్టా వాళ్లదే" అంటాడు. చేతిలో అడ్వాన్సు పెడతాడు. ఎప్పుడొస్తాడు? మన పొయ్యి ఆరినప్పుడొస్తాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరినీ జీడినీ కూల్చిన రోజుల్లాంటివే వాడికి పండగ. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. బడికి వేసవి సెలవులూ అప్పుడే. ఇంట్లో గింజ ఉండదు, గుంట బడిలో ఉండదు!

బడికెళ్లే పిల్ల నాలుగు రోజులు కనపడకపోతే పంతులమ్మ అడుగుతాది, పక్కన కూచునే పిల్ల అడుగుతాది. బడి మానేసిన పిల్ల కనపడకపోతే? "పనికెళ్లిపోనాది" అంటాం, ఊరుకుంటాం. ఆ ఊరుకోవడమే వాడి పెట్టుబడి. హాజరు పట్టీలో పేరంటే ఉత్త సిరా కాదు, ఆ పిల్లకి కాపలా.

అక్షరమొచ్చిన పిల్ల స్టేషను బోర్డు చదువుతుంది, తానున్న వీధి పేరు చెప్పగలదు, 1098కి ఫోను చేయగలదు. చదివిన పిల్లలూ మోసపోతున్నారు, నిజమే. కానీ చదువులేని పిల్లకి తప్పించుకునే దారులు ఇంకా తక్కువ.

"తల్లే అమ్ముకుంది" అంటారు పెద్దకులాల పెద్దలు. ఆ తల్లికి భూమి లేకుండా చేసిందెవరు? పై తరగతుల బడిని దూరంగా పెట్టిందెవరు? 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే. ఆ తర్వాత? బ్రోకరు లెక్క అక్కడే మొదలవుతుంది.

బాబాసాహెబ్ సారథ్యంలో రాసిన రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల వ్యాపారాన్నీ వెట్టినీ నిషేధించింది. నేటి భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షను ప్రకారం "పిల్ల ఇష్టపడే వచ్చింది" అన్న మాట చెల్లదు. అయితే చట్టం పిల్ల పోయాక వస్తుంది. బడి పోకముందే ఆపుతుంది.

రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ పనిలో ఉన్న పిల్లల్ని శిబిరాల్లో చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్పించింది. మానేసిన పిల్ల మళ్లీ చదవలేదన్నది అబద్ధమని తేలింది. 2004లో మొదలైన కస్తూరిబా బాలికా విద్యాలయాలు ఉన్నది కూడా అలాంటి పిల్లల కోసమే. అక్కడ సీటు అడగండి. అది దయ కాదు, మన హక్కు.

ఒక్క పని చేద్దాం. జూన్‌లో బడి తెరిచిన రోజున పేటపేటకీ ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఆడపిల్లల్ని లెక్కపెట్టండి. ఒక్కతి తగ్గినా ఆ ఇంటికెళ్లి అడగండి: "గుంటేదమ్మా?"

అడిగే ఊరికి బ్రోకరు రాడు.

జై భీం!