పాత మరపడవల కార్బురేటర్లను గుర్తించుట యెట్లు?

(టేకల్‌లో జరిగిన మన సంఘసభలో, ఇనుప సామానుల వర్తకులైన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగ విషయమును విని కొందరు నవ్వుకొనియుందురు. రాతిగుట్టల నడుమనున్న మన టేకల్‌కును, సముద్రముపై తిరుగు మరపడవలకును సంబంధమేమని అడుగవచ్చును. నేను పండితుడను గాను. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి తండ్రిగారి కొట్టులో తక్కెడ పట్టినవాడను. ఈ విషయమును నేను నేర్చుకొనుటకు కారణము నేను చేసిన యొక తప్పు. మొదట దానిని విన్నవించెదను.

ఇప్పటికి పదునైదేండ్లయినది. బంగారు గనుల ప్రాంతమునుండి ఒక ముదుసలి తన మనుమనితో ఒక రేకు పెట్టెను తెచ్చినది. “మా మామగారు గని వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉండినారు నాయనా. ఇల్లు ఖాళీ చేస్తా ఉండాము. న్యాయంగా చూసి ఇయ్యి” అన్నది. పెట్టెలో ఆకురాళ్లు, స్పానర్లు, వానిక్రింద మసిపట్టిన ఇత్తడి వస్తువొకటి ఉండెను. గుండ్రని గిన్నె, దానిపై వంగిన మెడ, ప్రక్కన స్ప్రింగు గల మూత. మసిక్రింద ఏవో అక్షరములున్నట్లు నా వ్రేళ్లకు తెలిసినది. నేను తుడిచి చూడలేదు. ఇత్తడి ధర కట్టి సొమ్మిచ్చితిని. ఆ వారమే అది కొలిమికి పోయినది.

కొన్ని నెలల పిమ్మట, పాత ఇంజన్లను బాగుచేయు ఒక పెద్దమనిషి తన పుస్తకములోని బొమ్మను నాకు చూపెను. అదే గిన్నె, అదే మెడ. అది నూరేండ్లనాటి కార్బురేటరు. మోటారు కార్లకును మరపడవలకును కూడ అమర్చుచుండిన రకము. తూకములో నేను మోసము చేయలేదు. కాని ఆ అవ్వ కోరినది తూకము గాదు, న్యాయము. అది నావలన జరుగలేదు.

కార్బురేటరనగా పెట్రోలును సన్నని తుంపరగా చేసి తగినంత గాలితో కలిపి ఇంజనునకు అందించు సాధనము. మన జిల్లాలో బావులమీద నుండిన కిరోసిను ఇంజన్లను పెద్దలెరుగుదురు. పెట్రోలుతో తిప్పి, వేడెక్కిన పిదప కిరోసినుకు మార్చుచుండిరి. వాని ప్రక్కన వ్రేలాడుచుండిన చిన్న గిన్నెయే ఇది. డీజిలు ఇంజనులో ఈ పని పంపును ఇంజెక్టరును చేయును గనుక అందు కార్బురేటరుండదు. కాకినాడ, విశాఖపట్టణము రేవులలోని పెద్ద మరపడవలలో ఇప్పుడు దీనిని వెదకిన దొరకకపోవుటకు కారణమదియే.

పెట్రోలు ఇంజను పుట్టిన తొలినాళ్లలోనే పడవనెక్కినది. 1886లో జర్మనీయందు డైమ్లరు, మేబాకు అను నిద్దరు నెక్కారు నదిపై మరపడవను నడిపిరి. 1893 ప్రాంతమున మేబాకు పెట్రోలును సన్నని రంధ్రముగుండ చిమ్మించు పద్ధతిని కనిపెట్టెను. తరువాత వచ్చిన కార్బురేటర్లలో చాల వానికి ఆ చిమ్ముడు పద్ధతియే మూలము.

ఇక గుర్తించు విధమునకు వచ్చెదను.

మొదటిది లోహము. పడవలో ఉప్పునీటి తేమకు ఇనుము త్రుప్పుపట్టును గనుక ఇత్తడిని, కంచును ఎక్కువగా వాడిరి. అయస్కాంతము ఇనుమును మాత్రమే వేరుచేసి చూపగలదు. మిగిలినదానికి కనబడని చోట చిన్న గీత గీయవలెను. పసుపుగానున్న ఇత్తడి, ఎరుపు తిరిగిన కంచు. తెల్లగానుండి బరువైనది యశదము కలిసిన పోతలోహము. ఇది తరువాతి కాలపు వస్తువులలో హెచ్చుగా కనబడును. ఏండ్లు గడచిన కొలది ఈ పోతలోహము తనంతట తాను పగిలి పొడియగును. దాని మరను బలవంతముగా తిప్పినవాడు వస్తువును పోగొట్టుకొనును.

రెండవది నిర్మాణము. మిక్కిలి పాతవానిలో కొన్నిటికి పెట్రోలు గిన్నెయే యుండదు. ఒక కవాటము, దాని పీఠములో ఒక సన్నని రంధ్రము మాత్రముండును. ఇంజను గాలిని పీల్చగా కవాటము లేచును, గాలితోపాటు పెట్రోలు వచ్చును. వీనిని మిక్సింగు వాల్వులందురు. అమెరికాలోని సిన్సినాటి నగరపు లంకెన్‌హైమరు కంపెనీ ఇట్టివానికి పేరుపొందినది. పడవలలో వాడిన చిన్న రెండు స్ట్రోకుల ఇంజన్లకు ఇవి అనుకూలముగా నుండెను. పీల్చుకొన్న గాలి వెనుకకు పోకుండ ఆ కవాటమే అడ్డుకొనుచుండెను. గిన్నెయు, దానిలో తేలు బెండును గలవి వేరొక జాతి. ఇండియానాపోలిసు నగరపు షెబ్లరు కంపెనీ వారి ‘డి’ రకము ఇందులకు మంచి ఉదాహరణము. దాని గిన్నె విప్పిన గుర్రపు లాడమువంటి బెండు కనబడును.

మూడవది అక్షరములు. పేటెంటు సంవత్సరమును చూచి వస్తువు ఆ యేటిదేయని చెప్పుట పొరపాటు. 1902 అని చెక్కియున్న, వస్తువు అంతకు ముందుది కాదనియే అర్థము. పిదప ఎన్నేండ్లకైనను తయారై యుండవచ్చును. కంపెనీ పేరు కూడ కాలమును చెప్పును. ‘అమల్’ అను పేరు ఇంగ్లండులో మూడు కంపెనీలు కలియుటచే 1927లో వచ్చినది గనుక ఆ పేరుగలది అంతకు పూర్వపుది కానేరదు. ‘వీలర్-షెబ్లర్’ పాత పేరు. ‘మార్వెల్-షెబ్లర్’ 1928కి తరువాతిది.

నాలుగవది మర. ఇది నావంటి ఇనుప వర్తకునికి తెలిసిన విద్య. ఒక అంగుళపు గొట్టపు మరను వెలుపల కొలిచిన సుమారు 1.3 అంగుళములుండును. కొలబద్దను నమ్మి ఇది అంగుళపుది కాదనరాదు. ఇంగ్లీషువారి అంగుళపు గొట్టమునకు అంగుళములో 11 చుట్లు, అమెరికా వారి దానికి 11½. మర కోణము వారిది 55 డిగ్రీలు, వీరిది 60. అర అంగుళము, ముప్పాతిక అంగుళము గొట్టములకు ఇరువురికిని 14 చుట్లే గనుక అచ్చట కోణమునే చూడవలెను. పేరు చెరిగిపోయినను మరను చూచి దేశమును ఊహింపవచ్చును.

ఐదవది జ్వాలానిరోధకము. ఇంజను ఒక్కొక్కప్పుడు వెనుకకు మంట చిమ్మును. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది గనుక పడవ అడుగున చేరి నిలుచును. ఒక్క నిప్పురవ్వ చాలును. అందుచేత 1940లో అమెరికా ప్రభుత్వము, పడవ లోపల అమర్చు పెట్రోలు ఇంజన్ల కార్బురేటర్లకు మంటనాపు జాలి యుండవలెనని చట్టము చేసినది. ఆ జాలి యున్నచో పడవదని చెప్పుటకు బలము కలుగును. జాలి లేనంతమాత్రమున పడవది కాదనరాదు.

ఇన్ని గుర్తులు చెప్పిన పిమ్మట ఒక హెచ్చరిక. ఇత్తడిది కనబడగానే ‘పడవది, పురాతనము’ అని ధర పెంచుట ఈ వ్యాపారములో నున్న దురాచారము. ఒకే రకపు కార్బురేటరును కారునకు, పడవకు, నేలమీది ఇంజనునకు కూడ అమర్చిరి. ఏ ఇంజనునుండి విప్పిరో సాక్ష్యము లేనిచో, ‘ఇట్టివి పడవలకును వాడబడినవి’ అని మాత్రమే చెప్పవలెను. ఇత్తడి తూకమునకు కొని కరగించుట యొక తప్పైన, తెలియనిదానిని తెలిసినట్లు చెప్పి అమ్ముట రెండవ తప్పు.

ఇట్టి వస్తువును బాగుచేసి నడపదలచువారికి ఒక మాట. బెండు పెట్రోలును పీల్చుకొనకుండ దానికి లక్క పూయుచుండిరి. లక్క స్పిరిటులో కరగునని మన వడ్రంగులందరును ఎరుగుదురు. మన దేశమున 2025 నాటికి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఎథనాలు కలుపుట వాడుకలోనికి వచ్చినది. అదియు ఆ స్పిరిటు జాతిదే. ఆ పెట్రోలు పోసిన లక్క కరగును, బెండు నానును, మునుగును, గిన్నె పొంగి పెట్రోలు కారును. పాత పూతను నమ్మి ఇంజనును తిప్పుట అగ్నితో ఆటలాడుట.

సోదరులారా, 1880లో జాన్ టేలరు కంపెనీవారు గనుల పని చేపట్టినది మొదలు 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడువరకు మన తెలుగు కుటుంబములెన్నో ఆ గనులను, అచ్చటి వర్క్‌షాపులను నమ్ముకొని బ్రదికినవి. తాతల పెట్టెలు నేటికిని అటకలమీద ఉన్నవి. వానిని అమ్మవలదని నేననను. ఇంటి అవసరము ఇంటివారికే తెలియును. అమ్ముటకు ముందు ఆముదము తడిపిన గుడ్డతో మసి తుడిచి, అక్షరములున్నచో చదివి వ్రాసికొనుడు. చింతపండుతోను, ఆసిడుతోను తోమి మెరయించవలదు. విడి భాగములను ఒకే సంచిలో కట్టియుంచుడు. ఎవరిది, ఎచ్చట పనిచేసిరి అను సంగతి చీటిపై వ్రాసి అందుంచుడు. నావంటి వర్తకులును కాటాలో వేయుటకు ముందు ఇంతమాత్రము చేయవలెను.

ఆ అవ్వ తెచ్చినది పడవదో, కారుదో, గనిలోని యే ఇంజనుదో నేను నేటికిని చెప్పలేను. చెప్పగల అక్షరములు దానిమీదనే యుండెను. ఇప్పుడు నా కొట్టులో తక్కెడ ప్రక్కన నూనెగుడ్డ ఒకటి ఎల్లప్పుడును ఉండును. మీలో నెవరైన వస్తువును తెచ్చినచో తుడిచి, చదివి, తెలిసినంతవరకు చెప్పుదును. దానికి రుసుము లేదు.