సోలారు కరెంటు – రిలే కాపలా
(పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘాల కప్పులమీదికి సోలారు పలకలు వస్తున్నాయి. కూలరు కరెంటు ఖర్చు తగ్గుతుంది, సంతోషమే. అయితే ఒక్క జాగ్రత్త మనవి చేస్తాను.

సబ్‌స్టేషనులో రిలే అనే కాపలాదారు ఉంటాడు. రెండు తీగలు కలిస్తే కరెంటు ఒక్కసారిగా ఎగదన్నుతుంది. అది పసిగట్టి రిలే లైనును ఆపిస్తుంది. థర్మల్, జలవిద్యుత్ కేంద్రాల జనరేటర్లు అప్పుడు మామూలు కంటె అయిదారు రెట్లు కరెంటు పంపగలవు. సోలారు ఇన్వర్టరు మాత్రం తాను కాలిపోకుండా, మామూలు కంటె కొద్దిగా మాత్రమే ఎక్కువ పంపుతుంది. ఆ కాస్త పెరుగుదల పాత రిలేకు ఆనకపోవచ్చు. అందుకే లైను రెండు చివరల కరెంటును పోల్చిచూసే డిఫరెన్షియల్ రిలేలు అవసరమవుతున్నాయి.

ఇన్వర్టరు సొంత కాపలా కూడా పొరబడవచ్చు. 2016 ఆగస్టు 16న అమెరికాలోని కాలిఫోర్నియాలో కార్చిచ్చు వల్ల పెద్ద లైన్లలో లోపాలు కలిగాయి. క్షణకాలపు ఒడుదుడుకుకే ఇన్వర్టర్లు బెదిరి, దాదాపు 1,200 మెగావాట్ల సోలారు ఉత్పత్తి ఆగింది. మన కర్నూలు సోలారు పార్కు సామర్థ్యమే 1,000 మెగావాట్లు!

పెద్ద లైన్ల సంగతి ఇంజనీర్లు చూసుకుంటారు. మన వంతు ఒకటుంది. లైనులో కరెంటు పోగానే మన ఇన్వర్టరు కూడా ఆగాలి. పాలు విరుగుతాయని ఎవరూ ఆ అమరికను మార్చవద్దు. మన పలకల కరెంటు లైనులోకి ఎదురు పారితే, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. పాలు కాపాడడానికి చేంజోవర్ స్విచ్చి పెట్టిన డీజిల్ జనరేటరు ఉంది.

తెగిన తీగ కనబడితే, కరెంటు లేదనుకోక దూరంగా నిలిచి సబ్‌స్టేషనుకు కబురు చేయండి.