తలుపు తీసే మనిషి



పర్చూరులో మన మాష్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసంలో ఈసారి ఆయన చెప్పిన పాఠాలను పక్కనపెట్టి, ఆ పాఠాలు విన్న పాత బడి గోడల గురించి మాట్లాడతానన్నాను. నిర్వాహకులు కాదనలేదు.

మన వైపు బడి ఖాళీ అయిందంటే ఊరు ఖాళీ అయిందని కాదు. ప్రైవేటు బడుల బస్సులు ఎప్పటినుంచో పిల్లల్ని ఎక్కించుకుపోతున్నాయి. 2019 నవంబరు 14న ఒంగోలులో ప్రభుత్వ బడుల్ని బాగుచేసే 'మన బడి నాడు-నేడు' మొదలైంది. ఎన్నో బడులకు కొత్త బల్లలు, మరుగుదొడ్లు, రంగులు వచ్చాయి. మంచిదే. 2022లో 117వ నంబరు జీవో మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్ళకు పంపింది. 2025లో ఆ జీవో రద్దయింది గానీ, మూడేళ్ళు తాళం పడిన గది జీవో రద్దయినంత సులువుగా తెరుచుకోదు. ముందు విరిగిన బల్లలు చేరతాయి, తర్వాత ఎవరివో మిరపకాయ టిక్కీలు. ఆఖరికి 'శిథిలావస్థ' అని ఒక కాగితం పుడుతుంది. అది రాయడానికి ఒక్క పూట చాలు.

నేను అడిగేది ఒకటే. మన పాత బడిని బాగుచేయడానికి చందాల పుస్తకం తెరవకముందే, రేపటినుంచి పొద్దున్నే దాని తలుపు ఎవరు తీస్తారో, లోపలికి ఎవరు వస్తారో తేల్చుకోవాలి.

చాలామందికి ముందుగా తట్టేది మ్యూజియం. రాజ్‌కోట్‌లో అదే చేశారు. 1853లో మొదలైన ఆల్‌ఫ్రెడ్ హైస్కూలు గాంధీగారు చదువుకున్న బడి. దాన్ని 2017లో మూసి, 2018 సెప్టెంబరు 30న మ్యూజియంగా తెరిచారు. గాంధీగారి పేరుంది కాబట్టి చూసేవాళ్ళు వస్తారు. మన బడికి అలాంటి విద్యార్థి లేడు. ఒక గంట, ఒక గ్లోబు, నాలుగు గ్రూపు ఫొటోలు పెడితే ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు చూస్తారు, మర్నాడు సాలీడు చూస్తుంది.

మనకు దగ్గర్లోనే ఇంకో దారి కనిపిస్తుంది. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. అది బడి కాదు, నిజమే. అయినా ఆ ఇల్లు నిలబడింది పునాదిరాయి మీదున్న పేరువల్ల కాదని నా నమ్మకం. పాత పత్రికల సంపుటాల కోసం ఎక్కడెక్కడినుంచో పరిశోధకులు వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్ళకు తీసి ఇచ్చే మనిషి అక్కడ ఉన్నాడు.

మనలాగే పత్తి పండే మరో నేల సంగతీ చెప్పాలి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లలకోసం 1912 నుంచి 1932 వరకు దాదాపు 5,000 బడులు కట్టారు. వాటిని రోజెన్‌వాల్డ్ బడులంటారు. సియర్స్ కంపెనీ అధిపతి జూలియస్ రోజెన్‌వాల్డ్ కొంత సొమ్మిచ్చాడు. ఆ ఊళ్ళ పేదలూ తమ వంతు వేశారు. కొన్నిచోట్ల బడికోసమని కొంత చేనులో విడిగా పత్తి వేసి, ఆ పంట డబ్బు ఇచ్చారు. 1954 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత తెల్ల, నల్ల పిల్లల బడులు క్రమంగా కలిశాయి. న్యాయమే జరిగింది, బడులు మాత్రం ఖాళీ అయ్యాయి. 2002లో వాటిని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాకెక్కించారు. మిగిలినవాటిలో కొన్ని ఇవాళ ఊరి సమావేశ మందిరాలు, వృద్ధులు పగలంతా గడిపే చోట్లు. పంటలోంచి డబ్బు తీసి ఇచ్చినవాళ్ళ మనవలే వాటికోసం పూనుకోవడం నాకు ఆశ్చర్యంగా అనిపించలేదు.

ఇక గోడల సంగతి. మనది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, దాంతోపాటు పునాదీ కదులుతుంది. గానుగ సున్నంతో కట్టిన గోడ ఆ కదలికను కొంత ఓర్చుకుంటుంది, లోపలి చెమ్మను బయటికి వదులుతుంది. మనం చేసే పనేమిటంటే, బీట కనిపించగానే సిమెంటు పూయడం. సిమెంటు బిగుసుకుంటుంది, చెమ్మను లోపలే బంధిస్తుంది. రెండేళ్ళకు పెచ్చులూడితే 'పాత కట్టడం కదా, ఇంతే' అంటాం. పాపం, తప్పు కట్టడానిది కాదు.

మరో దొంగ రోడ్డు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే వేస్తారు. కొన్నాళ్ళకు బడి ఆవరణ వీధికంటే పల్లమవుతుంది, వాననీళ్ళన్నీ గోడల మొదట్లో నిలుస్తాయి. అందుకని మొదటి రూపాయి నీళ్ళను గోడకు దూరంగా తీసుకుపోయే కాలవకు ఖర్చుపెట్టాలి. రెండోది పైకప్పుకి: పగిలిన పెంకులు మార్చాలి, చెదపట్టిన దూలాలు తీయాలి, గోడలో మొలిచిన రావిమొక్కను వేళ్ళతో సహా పెకలించాలి. రంగులు అన్నిటికంటే ఆఖరున. మనవాళ్ళు రంగులతోనే మొదలుపెడతారు, ఫొటోలో పడేది అదే కదా!

కాగితాల వేట వేరే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా పర్చూరు గుంటూరు జిల్లాలో ఉండేది. 2022లో బాపట్లకు మారింది. ఊరు కదల్లేదు, దాని ఫైళ్ళు మాత్రం మూడు జిల్లా కేంద్రాలు తిరిగాయి. స్థలమిచ్చిన దాత దస్తావేజులో ఏ షరతు పెట్టాడో, భవనం జిల్లా పరిషత్తుదో మండల పరిషత్తుదో పంచాయతీదో తేలకుండా తాపీ పట్టుకుంటే పని మధ్యలో కోర్టు నోటీసు వస్తుంది.

తలుపు తీసే మనిషి అన్నాను. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఇంట్లో చోటు ఉండదు. పొద్దున ఆరింటికే వాళ్ళు వస్తారు. మధ్యాహ్నం కుట్టుపని నేర్చుకునే ఆడవాళ్ళు, సాయంత్రం పత్తి, మిరప తెగుళ్ళ గురించి వ్యవసాయశాఖవాళ్ళను అడగాలనుకునే రైతులు. తాళంచెవి పంచాయతీ ఆఫీసు గోడకు వేలాడితే ఇదంతా జరగదు. జీతమిచ్చి ఒకరిని పెట్టాలి. ఆ జీతానికి చందా కాకుండా డిపాజిట్ వేసి, వడ్డీతో నడపాలి. ఈ ఉపన్యాసం నడిచేదీ అలాంటి నిధిమీదేగా.

సంక్రాంతికి బయటి ఊళ్ళవాళ్ళందరూ వస్తారు. ఆ మూడు రోజుల్లో దస్తావేజు, డిపాజిట్, తాళంచెవి ఈ మూడూ తేల్చండి. పండగ వెళ్ళగానే గుంత తవ్వి సున్నం నానేస్తే, వేసవికి మేస్త్రీ చేతికి అందుతుంది.