గ్రంథాలయపు నీడలో పెరిగిన కవి



గ్రంథాలయము పండితులకు తోడ్పడునని ఎల్లరు నెరుగుదురు. అది ఒక కవిని, అతని ద్వారా ఒక భాషను నిలుపగలదా అను ప్రశ్నకు స్కాట్లండు దేశమందలి లాంగ్‌హోమ్ అను చిన్న ఊరు సమాధానము చెప్పుచున్నది. అది ఇంగ్లండు సరిహద్దునకు సమీపమున నున్నది. 1892 ఆగస్టు 11వ తేదీన అచ్చట ఒక తపాలా బంట్రోతు ఇంట క్రిస్టఫర్ మర్రే గ్రీవ్ జన్మించెను. హ్యూ మెక్‌డయర్మిడ్ అను కలము పేరుతో ప్రసిద్ధుడైన కవి ఇతడే.

ఆ కుటుంబము కాపురమున్న ఇంటి మీది అంతస్తులోనే ఊరి గ్రంథాలయ ముండెడిది. దానిని కనిపెట్టుకొని యుండుట తల్లి పని. బాలుడు బట్టల గంప తీసుకొని మేడపైకి పోయి, దాని నిండ పుస్తకములు నింపుకొని దిగివచ్చెడివాడు. ఆ గ్రంథాలయమునకు ధనమిచ్చినవారిలో థామస్ టెల్‌ఫర్డ్ ఒకడు. ఇతడు ఆ ప్రాంతమునందే గొఱ్ఱెల కాపరి ఇంట పుట్టి, రాతిపని నేర్చి, గొప్ప వంతెనలు నిర్మించిన ఇంజనీరు. 1834లో మరణించిన టెల్‌ఫర్డ్ తన వీలునామాలో ఆ గ్రంథాలయమును మరువలేదు. దాత గతించిన 58 ఏండ్లకు గాని ఈ పాఠకుడు పుట్టలేదు.

ఆ ఊరివారి ఇంటి భాష స్కాట్స్. అది చెడిపోయిన ఇంగ్లీషు కాదు, దానికి తోబుట్టువు. ఒకప్పుడది రాజాస్థానమున వెలసిన భాష. 1603లో ఆరవ జేమ్సు రాజు ఇంగ్లండు సింహాసనము గూడ పొంది లండనుకు తరలిపోయిన పిమ్మట అది క్రమముగా కచేరీకి, బడికి దూరమై పొలములలోను, వంటిండ్లలోను నిలిచినది. 18వ శతాబ్దమున రాబర్టు బర్న్స్ దానికి మరల కీర్తి తెచ్చెను. అతని తరువాతివారు పెక్కుమంది అతనిని అనుకరించుటతోనే తృప్తిపడిరి.

గ్రీవ్ మొదటి మహాయుద్ధమున సైనిక వైద్యదళములో చేరి, సెలోనికాలో పనిచేసి, మలేరియాతో బాధపడెను. పిదప మాంట్రోజ్ పట్టణమున పత్రికా విలేఖరి యయ్యెను. తొలుత ఇంగ్లీషులోనే వ్రాయుచు, స్కాట్స్ పునరుద్ధరణను ఆక్షేపించెను. 1922లో ఒక మాండలిక గ్రంథమున వాడుక తప్పుచున్న మాటలను చూచి, వానితో కవిత యల్లినంతనే అతని మనస్సు మారెను. అది మొదలు పాత నిఘంటువులనుండియు, వేర్వేరు సీమల పలుకుబడులనుండియు మాటలు ఏరి కవిత్వము చెప్పెను. శబ్దరత్నాకరమందలి మాటలను, పల్లెటూరి స్త్రీల నోటి మాటలను ఒక్క పద్యమున కూర్చినట్లని ఊహింపుడు! 1925లో ‘సాంగ్‌షా’, 1926లో ‘పెన్నీ వీప్’ వెలువడెను. ఆ యేడే 2,685 పంక్తుల దీర్ఘకావ్యము వచ్చెను. త్రాగిన మత్తులో కొండవాలున పడియున్న ఒకడు, వెన్నెలలో తన దేశ చిహ్నమైన ముండ్లమొక్కను చూచుచు, తన జాతిని గూర్చియు మానవుని గూర్చియు చింతించుట దాని కథ.

ఎవ్వరును అట్లు మాటలాడరని విమర్శకులు కొందరనిరి. స్కాట్లండు రచయిత పెంపొందవలెనన్న ఇంగ్లీషులోనే వ్రాయవలెనని 1936లో ఎడ్విన్ మ్యూర్ అను కవి వాదించెను. మెక్‌డయర్మిడ్ ఆ పాతమిత్రునితో తీవ్రముగా విరోధించెను. అతడు కలహప్రియుడు, 1928లో జాతీయ పక్షమును స్థాపించినవారిలో నొకడై, తరువాత కమ్యూనిస్టుపక్షమున చేరెను. 1933 నుండి 1942 వరకు షెట్లండు దీవులలో దారిద్ర్యముతో కాలము గడిపెను. 1951లో చేరిన కుటీరమున తొలినాళ్లలో కొళాయి గాని విద్యుద్దీపము గాని లేకుండెను. 1978లో మరణించి లాంగ్‌హోమ్‌లోనే సమాధి చేయబడెను. అతని పరుషవాక్కును మరువని ఊరివారు కొందరు స్మారకమునకు అడ్డుచెప్పిరి. తుదకు 1985లో ఊరి వెలుపల కొండపై తెరచిన పుస్తకము ఆకారమున లోహ స్మారకము నిలిచినది.

అతని శ్రమ వ్యర్థము కాలేదు. 2011 జనాభా లెక్కలలో 15 లక్షలకు పైగా జనులు తమకు స్కాట్స్ మాటలాడ వచ్చునని వ్రాయించిరి. 2021 నుండి 2024 వరకు జాతీయ కవయిత్రిగానున్న క్యాథ్లీన్ జేమీ 2024లో స్కాట్స్ కవితల సంపుటమును ప్రకటించెను. 2025లో ఆ దేశపు శాసనసభ స్కాట్స్ భాషకు అధికార ప్రతిపత్తి నిచ్చెను.

గ్రంథాలయపు పుస్తకములో ఏ బాలుని పేరిట ఎన్ని గ్రంథములు పోయినవో వ్రాయవచ్చును. వానివలన లోకమునకు ఏమి తిరిగివచ్చునో ఏ పద్దులోను వ్రాయలేము. కావున గంపతో వచ్చిన బాలుని వయస్సును, తండ్రి వృత్తిని అడుగక బీరువా తాళము తీయవలెను. టెల్‌ఫర్డ్ ధనమిచ్చెను, ఆ తల్లి తలుపు తీసెను. తక్కినది ఆ బాలుడే చేసికొనెను.