కరువు కబురు చదవడం నేర్చుకుందాం
(ముమ్మిడివరం సభలో చేసిన ప్రసంగ పాఠం)



కొబ్బరి తోటల నడుమ, కాలువ గట్టున నిలబడి కరువు మాటెత్తితే నవ్వేవాళ్లుంటారు. దాళ్వాలో నీరందక, మురుగుకాల్వలోంచి ఇంజను పెట్టి తోడుకున్న శివారు రైతునడగండి. కరువంటే ఏమిటో ఆయన చెబుతాడు. మన కరువు ఎగువన పుట్టి కాలువ వెంట దిగివస్తుంది.

కోనసీమకు ధవళేశ్వరం బ్యారేజీయే ప్రాణం. అక్కడికి చేరేది మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లో కురిసిన వాన. నైరుతి వెళ్లిపోయాక గోదావరి సన్నబడుతుంది. అప్పుడు దాళ్వాను ఆదుకునేది సీలేరు నీరు. అది శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిని చేరుతుంది. ఎగువన వానల్లేక బలిమెల, డొంకరాయి వెలితిపడితే ఫిబ్రవరి, మార్చిలో మన చివరి మడి ఎండుతుంది. కాలువలో మంచినీరు తగ్గితే సముద్రం వైపు నుంచి ఉప్పు ఎగదన్నుతుంది.

దీన్ని ముందే తెలుసుకోలేమా? కొంతవరకు తెలుసుకోవచ్చు. వాతావరణ శాఖ ఏప్రిల్‌లో ఒకసారి, జూన్ మొదలయ్యేలోగా మరోసారి నైరుతి అంచనా ఇస్తుంది. పత్రికలు అందులో ఒక్క అంకె వేసి ఊరుకుంటాయి. ఆ అంకె దేశమంతటి లెక్క, మన మండలానిది కాదు. 2002లో 101 శాతమన్నారు, కురిసింది 81. 2009 ఏప్రిల్‌లో 96 అన్నారు, కురిసింది 78.

అలాగని అంతా బూటకమని కొట్టిపారేయొద్దు. 2015 ఏప్రిల్‌లో 93 శాతమంటూనే, వాన 90 లోపే ఆగిపోయే అవకాశం నూటికి 33 అని చెప్పారు. మామూలు ఏడాది అది 16. అంటే ముప్పు రెట్టింపు! జూన్‌లో దాన్ని 66కు పెంచారు. చివరకు కురిసింది 86 శాతమే. మనం చదవాల్సింది ఈ అవకాశాల లెక్క. నూటికి 33 అంటే మూడేళ్లలో రెండేళ్లు గట్టెక్కుతామని కూడా అర్థం. కాబట్టి భయపడి పంట మానుకోనక్కర్లేదు. జాగ్రత్త మాత్రం జూన్‌లోనే మొదలుకావాలి.

ఏమిటా జాగ్రత్త? సార్వా నాట్లు త్వరగా పడితే దాళ్వా ముందుకు జరుగుతుంది. నవంబరులో రెండు ప్రశ్నలు అడగాలి: సీలేరు జలాశయాల్లో నిల్వ ఎంత? ధవళేశ్వరానికి వస్తున్న నీరెంత? లెక్క చాలకపోతే శివారు చేలల్లో మినుము, పెసర వేసుకోవచ్చు. వరే కావాలంటే 120 రోజుల్లో చేతికొచ్చే ఎంటీయూ 1010 లాంటి రకాన్ని డ్రమ్ సీడరుతో వేయొచ్చు.

మొత్తం ఆయకట్టుకు నీరిస్తామని డిసెంబరులో చెప్పి, మార్చిలో వంతులు పెడితే మునిగేది కౌలు రైతు. పెట్టుబడి మడిలో పోశాక తెలిసే నిజం ఎవరికి పనికొస్తుంది? అందుకే నీటిపారుదల సలహా మండలి కూర్చోకముందే నిల్వల లెక్క ఊరి ముందుకు రావాలి. చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. 2022 నుంచి జిల్లా కేంద్రం అమలాపురమే, దూరమేమీ కాదు.

విద్యార్థులారా, ఆ అంకెల్ని పంచాయతీ గోడ మీద రాయండి. ఉద్యోగ మిత్రులారా, వాటి అర్థం రచ్చబండ దగ్గర విప్పి చెప్పండి. విత్తనం చల్లకముందే శివారు రైతుకు నిజం తెలియాలి. అది మనం పెట్టే భిక్ష కాదు, అతని హక్కు!