బండి బీమా ధరలో న్యాయమెంత?

(నూజెండ్లలో చేసిన ప్రసంగ పాఠం)



బీమా ధర్మసమ్మతమా కాదా అన్న చర్చను ఉలమాలకు వదిలివేస్తున్నాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేని బండి రోడ్డెక్కరాదు. తప్పించుకోలేని ఆ సొమ్మును న్యాయంగా నిర్ణయిస్తున్నారా అన్నదే నా ప్రశ్న.

ఈ ప్రీమియాన్ని కంపెనీలు కాక కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1న అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు సొంత కారుకు 2,094 రూపాయలు, 1500 సీసీ వరకు 3,416, ఆపైన 7,897. ఇక్కడ ఊరు చూడరు, పేరు చూడరు. అంతవరకు సంతోషమే. అయితే వారానికొకసారి వినుకొండ వెళ్లివచ్చే కారూ, రోజంతా నగరంలో తిరిగే కారూ ఒకే మొత్తం కట్టాలి.

ఆటో నడిపే మన పిల్లల సంగతి వేరు. మూల ప్రీమియంపై ప్రయాణికుల సీట్ల లెక్కన అదనం, మొత్తంపై 18 శాతం జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలపై ఈ పన్ను తీసివేశారు. ఇష్టముంటే తీసుకునే పాలసీకి పన్ను లేదు, చట్టం బలవంతంగా కట్టించే ఆటో పాలసీకి ఉన్నది! నలభై ఏళ్లకు దగ్గరగా ఫైళ్లు చూసినవాణ్ణి, ఈ తర్కం నాకు అంతుపట్టలేదు. ఆటోవారికి రాష్ట్రం 2019లో పదివేలు, 2025లో పదిహేను వేలు ఇచ్చింది. ఆ చేతికి వచ్చినదానిలో కొంత ఈ చేతి నుండి తిరిగి పోతున్నది.

ఇక సొంత బండి నష్టానికి చేసే బీమా. 2007 జనవరి 1 నుండి దీని ధర కంపెనీల ఇష్టం. పాత టారిఫ్‌లోనే కార్లకు ఎనిమిది మహానగరాలు ఒక జోను, మిగిలిన దేశం మరొక జోను. ప్రాంతాన్ని బట్టి ధర అనగానే నాకు 2006 నాటి సచార్ నివేదిక గుర్తుకు వస్తుంది. ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాలను కొన్ని బ్యాంకులు అప్పులకు పనికిరానివిగా గుర్తించాయని అది చెప్పింది. ఇక్కడి బీమా కంపెనీలు అలా చేస్తున్నాయని నేననను, ఆధారం లేని నింద పాపం. కానీ బ్రిటన్‌లో 2018 జనవరిలో ‘ద సన్’ పత్రిక, మిగతా వివరాలన్నీ ఒకటే ఉంచి జాన్ పేరుతో, మహమ్మద్ పేరుతో ధరలు అడిగితే రెండవవారికి ఎక్కువ వచ్చాయి. కంపెనీలు వివక్షను ఖండించాయి. 2022లో ‘సిటిజన్స్ అడ్వైస్’ సంస్థ, శ్వేతేతరులు సగానికి మించిన ప్రాంతాలలో ఏటా కనీసం 280 పౌండ్లు ఎక్కువ పడుతున్నదని తేల్చింది. పేరు అడగనక్కరలేదు, పిన్‌కోడ్ చాలు.

కాలిఫోర్నియా ప్రజలు 1988లోనే ఓటు వేసి, డ్రైవింగ్ రికార్డు, ఏడాదికి తిరిగే దూరం, అనుభవం, ఈ మూడింటికే ముందు పీట వేయించారు. మన ఐఆర్‌డీఏఐ కూడా 2022 జూలైలో, తిరిగిన దూరాన్ని బట్టి కట్టే పద్ధతిని సొంత నష్టం బీమాకు అనుమతించింది. ఏజెంట్లు దాని ఊసెత్తరు. మనమే అడగాలి.

నా అనుభవం ఒకటి. పాత కారు అమ్మి మరొకటి కొన్నప్పుడు, ఐదేళ్లు క్లెయిము లేనందుకు రావలసిన 50 శాతం నో క్లెయిమ్ బోనస్ పోగొట్టుకున్నాను. అది బండిది కాదు, యజమానిది. పాత కంపెనీ నుండి లేఖ తీసుకుంటే కొత్త బండికి వస్తుందని ఎవరూ చెప్పలేదు. గడువు దాటి 90 రోజులలోగా రెన్యువల్ చేయకపోయినా ఆ బోనస్ పోతుంది.

వచ్చే ఆదివారం అస్ర్ నమాజు తరువాత ఇక్కడే కూర్చుంటాను. ఆటోవారు, కార్లవారు తమ పాలసీ కాగితాలు, పాతవీ కొత్తవీ, తీసుకురండి. వరుస వారీగా చదివి, ఎక్కడ ఎంత వేశారో రాసి ఇస్తాను.